ఉద్యోగానుభవం లేకుండా విదేశీ బిజినెస్ స్కూళ్ళకు దరఖాస్తు: నేను వాడిన అడ్మిషన్ కన్సల్టెన్సీపై సమీక్ష

డిగ్రీ చివరి సంవత్సరం చదువుతూ, ఎక్కడా ఉద్యోగం చేయకుండానే విదేశాల్లో మేనేజ్‌మెంట్ పీజీ చేయాలనుకునే వారి కోసం ఒక అడ్మిషన్ కన్సల్టెన్సీ ప్రత్యేకంగా ఒక ప్యాకేజీ నడుపుతోంది. మొదటి సంప్రదింపు నుంచి అడ్మిషన్ ఖరారయ్యే వరకు ఆ సేవను నేను వాడాను. కౌన్సెలింగ్, రెజ్యూమే, ఎస్సేలు, సిఫార్సు లేఖలు, ఇంటర్వ్యూ సాధన, స్కూళ్ళ ఎంపిక అన్నీ ఆ ప్యాకేజీలో భాగమే. పనంతా ఆన్‌లైన్‌లోనే జరిగింది. సంస్థ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే లోపాలు ఇలాంటి సేవ ఎక్కడ తీసుకున్నా చూసుకోవలసినవే కాబట్టి పేరు తెలియకపోయినా చదివేవారికి లోటు ఉండదు. అనుభవం లేని అభ్యర్థి తన గురించి ఏం చెప్పుకోవాలో తేల్చుకోవడానికి ఈ సేవ ఎంతో ఉపయోగపడింది. ఎక్కడ చదవాలో తేల్చుకునే దగ్గర మాత్రం వారి మాటను పూర్తిగా నమ్మడానికి వీల్లేదన్నది నా అభిప్రాయం.

అనుభవం లేనివారిని ఎంబీఏ స్కూళ్ళు ఎందుకు తీసుకోవో మొదటి సమావేశంలోనే కౌన్సెలర్ గారు చక్కగా వివరించారు. హార్వర్డ్ లాంటి చోట పాఠం చాలావరకు కేసుల మీద, అంటే కంపెనీలు ఎదుర్కొన్న నిజమైన సమస్యల మీద, చర్చగా సాగుతుంది. ఒక కంపెనీ ధర పెంచాలా వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, అలాంటి నిర్ణయం నిజంగా తీసుకున్నవారు, దాని ఫలితాన్ని అనుభవించినవారు తరగతిలో ఉంటేనే ఆ చర్చకు బలం వస్తుంది. అందుకే అమెరికాలో పేరున్న రెండేళ్ళ ఎంబీఏలలో చేరేవారి సగటు అనుభవం ఐదేళ్ళ దరిదాపుల్లో ఉంటుంది. కనీసం ఇన్నేళ్ళు పనిచేసి ఉండాలన్న నిబంధనను కొన్ని స్కూళ్ళు ఎక్కడా రాయవు. రాయలేదు కదా అని మామూలు రౌండ్‌లో, అంటే అందరికీ ఉండే దరఖాస్తుల విడతలో, దరఖాస్తు పంపి, ఫీజును, నెలల శ్రమను పోగొట్టుకోవద్దని, నిబంధనల పేజీ కంటే ముందు తరగతి గణాంకాల పేజీ చూడమని ఆమె ఇచ్చిన సలహా చాలా విలువైనది.

ఆ తర్వాత మా ముందున్న దారులను ఆమె ఒక్కొక్కటిగా పరిచారు. మొదటిది డిఫర్డ్ అడ్మిషన్: చదువు చివరి సంవత్సరంలో ఉండగానే దరఖాస్తు చేసి, ఎంబీఏలో సీటు ఖాయం చేసుకొని, తర్వాత కొన్నేళ్ళు ఉద్యోగం చేసి వచ్చి చేరడం. హార్వర్డ్‌లో దీన్ని 2+2 అంటారు; సీటు వచ్చినవారు కనీసం రెండేళ్ళు, గరిష్ఠంగా నాలుగేళ్ళు పనిచేసి రావాలి. స్టాన్‌ఫర్డ్, వార్టన్, షికాగో బూత్, కొలంబియా, కెలాగ్, ఎంఐటీ స్లోన్‌లలోనూ ఇలాంటి పథకాలు ఉన్నాయి. గడువులు ఎక్కువగా ఏప్రిల్ ప్రాంతంలో పడతాయి. రెండో దారి మాస్టర్స్ ఇన్ మేనేజ్‌మెంట్, అందరూ ఎంఐఎమ్ అని పిలిచే కోర్సు. లండన్ బిజినెస్ స్కూల్, ఇన్‌సియాడ్, హెచ్ఈసీ పారిస్, ఎసెక్, ఈఎస్‌సీపీ, స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్, అమెరికాలో డ్యూక్ లాంటి చోట్ల ఇది అప్పుడే డిగ్రీ ముగించినవారి కోసమే రూపొందింది. ఉద్యోగానుభవం మరీ ఎక్కువైతే ఇక్కడ అర్హతే పోవచ్చు. ఫైనాన్స్ వంటి ఒక్క విషయానికి పరిమితమైన మాస్టర్స్ కోర్సులు కూడా ఈ కోవలోనివే. ఇవన్నీ కాక, యేల్‌లో సిల్వర్ స్కాలర్స్ అనే అరుదైన పథకం ఉంది. డిగ్రీ ముగియగానే నేరుగా ఎంబీఏ మొదటి సంవత్సరంలో చేర్చుకొని, మధ్యలో పూర్తికాల ఇంటర్న్‌షిప్‌కు పంపి, చివరి సంవత్సరానికి తిరిగి పిలుస్తారు.

ఎంబీఏ దొరకనివారికి ఇచ్చే తక్కువ రకం డిగ్రీయే ఎంఐఎమ్ అన్న అనుమానం మా ఇంట్లో అందరికీ ఉండేది. మా అమ్మానాన్నలను కూడా కాల్‌లోకి తీసుకొని కౌన్సెలర్ గారు ఓపికగా ఆ అనుమానం తీర్చారు. యూరప్‌లో ఈ చదువు పాతదని, ఈఎస్‌సీపీ 1819లోనూ హెచ్ఈసీ 1881లోనూ మొదలయ్యాయని, హార్వర్డ్ తొలి ఎంబీఏ 1908 నాటిదని, డిగ్రీ వెంటనే మేనేజ్‌మెంట్ చదివి ఉద్యోగంలోకి వెళ్ళడం అక్కడ ఎప్పటినుంచో మామూలేనని చెప్పారు. హెచ్ఈసీలో చాలామంది కోర్సు మధ్యలో ఒక ఏడాది విరామం తీసుకొని ఇంటర్న్‌షిప్‌లు చేస్తారని, చేతికి డిగ్రీ వచ్చేసరికి కొంత పని అనుభవం కూడా చేతికొస్తుందని వివరించారు. ఏ స్కూల్‌నూ గొప్ప చేసి చెప్పకుండా, దేనికి ఏ ఉద్యోగాలు వస్తాయో, దేనికి రావో విడదీసి చెప్పడం నాకు నచ్చింది. ఎంఐఎమ్ చదివినవారు ఆఫీసులో కింది మెట్టు నుంచే మొదలుపెడతారనీ, ఎంబీఏ తర్వాత వచ్చే హోదా, జీతం ఇక్కడ ఆశించకూడదనీ ఆమె మొహమాటం లేకుండా చెప్పారు.

అయితే ఇక్కడే ఒక ముఖ్యమైన సంగతి వదిలేశారు. మధ్యలో ఉద్యోగం చేయకుండా డిగ్రీ నుంచి నేరుగా మాస్టర్స్‌లో చేరినవారు, ఆ మాస్టర్స్ చివరి సంవత్సరంలో హార్వర్డ్ 2+2కు దరఖాస్తు చేసుకోవచ్చు. అంటే ఎంఐఎమ్ ఎంచుకుంటే డిఫర్డ్ ఎంబీఏ తలుపు మూసుకుపోదు, కొంతకాలం వాయిదా పడుతుంది. అదే డిగ్రీ తర్వాత ఉద్యోగంలో చేరితే ఆ తలుపు మూసుకుపోతుంది, ఇక మామూలు రౌండ్‌లోనే ప్రయత్నించాలి. ఈ తేడా తెలిస్తే చాలామంది నిర్ణయాలు మారిపోతాయి. స్కూల్ వెబ్‌సైట్‌లో చదివి నేను అడిగినప్పుడు కౌన్సెలర్ గారు సరేనని ఒప్పుకున్నారే తప్ప, వారి ప్రణాళిక పత్రంలో దాని ప్రస్తావన లేదు. ఏడాదికి ఒక్క దరఖాస్తు సీజన్ లెక్కనే వారి ప్యాకేజీ తయారైంది కాబట్టి, ఆలోచన కూడా ఆ సీజన్ దాటి ముందుకు వెళ్ళలేదు.

ఇక ఈ సేవలో అసలైన సొత్తు ఎస్సేల పని. అనుభవం లేనివారికి ఎస్సే రాయడం కష్టమని అందరూ అంటారు గానీ, ఆ కష్టం ఎక్కడుందో ఇక్కడ తెలిసింది. రాయడానికి పెద్ద సంఘటనలు లేవని మనం భయపడతాం. ఆ భయంతో చిన్న సంఘటన మీద పెద్ద మాటలు కప్పేస్తాం. మా కాలేజీలో సీనియర్ల దగ్గర పాత పాఠ్యపుస్తకాలు తీసుకొని జూనియర్లకు తక్కువ ధరకు అందించే పుస్తకాల బ్యాంకును నేను కొంతకాలం నడిపాను. నా మొదటి ప్రతిలో దాని గురించి "ఈ బాధ్యత నాలో నాయకత్వ లక్షణాలను, బృందస్ఫూర్తిని పెంపొందించింది" అన్న వాక్యం ఉంది. కౌన్సెలర్ గారు దాన్ని దిద్దలేదు, కొట్టేయనూ లేదు. పక్కన వరసగా ప్రశ్నలు రాశారు: ఏ పుస్తకాలు అమ్ముడుపోకుండా మిగిలాయి? ధర ఎవరు నిర్ణయించారు? సీనియర్లకు డబ్బు ముందే ఇచ్చేవారా, అమ్ముడయ్యాక ఇచ్చేవారా? మీతో విభేదించింది ఎవరు, వారి వాదన ఏమిటి?

ఆ ప్రశ్నలకు జవాబులు రాస్తూ ఉంటే నాకే తెలియని కథ బయటపడింది. సిలబస్ మారిన ఏడాది పాత ఎడిషన్లు అల్మారా నిండా మిగిలిపోయాయి, వాటికి అప్పటికే డబ్బు చెల్లించేశాం, దాంతో కొత్త పుస్తకాలు కొనడానికి నిధి లేకుండా పోయింది. ఇకనుంచి పుస్తకం అమ్ముడుపోయాకే సీనియర్లకు డబ్బు ఇద్దామని నేను ప్రతిపాదించాను; అలా చేస్తే ఎవరూ పుస్తకాలు ఇవ్వరని, లెక్కలు చూసే మిత్రుడు గట్టిగా వ్యతిరేకించాడు. చివరికి సిలబస్‌లో ఉన్న పుస్తకాలకు సగం ముందు, సగం అమ్మాక అని, సిలబస్ మారే సూచన ఉన్నవాటికి మొత్తం అమ్మాకే అని ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. సరుకు నిల్వ, పెట్టుబడి చిక్కుకుపోవడం, సరఫరాదారుల నమ్మకం వంటి వ్యాపార సమస్యలన్నీ ఆ అల్మారాలోనే ఉన్నాయి. ఆ పారిభాషిక పదాలను ఎస్సేలో వాడవద్దని, జరిగింది జరిగినట్టు రాస్తే చదివే అడ్మిషన్ కమిటీ వాటిని తనంతట తానే గుర్తుపడుతుందని కౌన్సెలర్ గారు పట్టుబట్టారు. మిత్రుడి వాదన సగం సరైనదేనని ఒప్పుకున్న వాక్యాన్ని తీసేద్దామని నేను అనుకుంటే, అదే ఎస్సేకు ప్రాణమని చెప్పి ఉంచేలా చేశారు. ఎస్సేలో ఒక్క వాక్యం కూడా ఆమె స్వయంగా రాయలేదు. అడ్మిషన్ కన్సల్టెంట్ ఇలాగే పనిచేయాలని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. ఈ పద్ధతికి నేను ఎన్ని మార్కులైనా వేస్తాను.

రెజ్యూమే మాత్రం వేరే బృందం చేతికి వెళ్ళింది. ఈ మంచి పద్ధతి అక్కడిదాకా చేరలేదు. పుస్తకాల బ్యాంకులో నేను వలంటీర్‌ని. తిరిగివచ్చిన రెజ్యూమేలో నా హోదా ఆపరేషన్స్ మేనేజర్‌గా మారింది. ఒక సర్వేలో ఫారాలు నింపించిన పని మార్కెట్ పరిశోధనకు నాయకత్వంగా మారింది. వాటిని వెంటనే పాత రూపానికి మార్పించాను. అడ్మిషన్ ఇచ్చిన తర్వాత అభ్యర్థుల వివరాలను బయటి సంస్థతో సరిచూయించే స్కూళ్ళు ఉన్నాయి; తేడా కనబడితే ఇచ్చిన సీటును వెనక్కి తీసుకోవచ్చు. నిజానికి అంత దూరం పోనక్కరలేదు. ఇంటర్వ్యూలో "మీ కింద ఎంతమంది పనిచేసేవారు?" అని ఒక్క ప్రశ్న అడిగితే ఇరవై రెండేళ్ళ విద్యార్థి అక్కడే ఇరుక్కుంటాడు. ఈ సేవ తీసుకునేవారు తమ రెజ్యూమేలోని ప్రతి పంక్తినీ పంపే ముందు స్వయంగా చదువుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

సిఫార్సు లేఖల విషయంలో ఇంతకంటే తీవ్రమైన అభ్యంతరం ఉంది. ఉద్యోగం చేసినవారికి పై అధికారి రాస్తారు. మనకు రాసేది ప్రొఫెసర్లు, ఇంటర్న్‌షిప్ పర్యవేక్షకులు. చాలా ఎంబీఏ స్కూళ్ళు, బిజినెస్ స్కూళ్ళ ప్రవేశ పరీక్ష అయిన జీమ్యాట్‌ను నిర్వహించే జీమ్యాక్ సంస్థ రూపొందించిన ఉమ్మడి సిఫార్సు పత్రాన్ని వాడతాయి. అందులో అభ్యర్థికి మీరు ఇచ్చిన అతి ముఖ్యమైన నిర్మాణాత్మక విమర్శ ఏమిటో, ఏ సందర్భంలో ఇచ్చారో, దానికి అభ్యర్థి ఎలా స్పందించారో రాయమని అడుగుతారు. తరగతిలో మార్కులు వేసి, హాజరు తీసుకున్న ప్రొఫెసర్ దీనికి జవాబు రాయలేరు. మీ ప్రాజెక్టు నివేదికను ఎర్ర పెన్నుతో దిద్ది, మళ్ళీ రాయించి, రెండో ప్రతిలో ఏం మారిందో చూసినవారే రాయగలరు. కాబట్టి పెద్ద పదవిలో ఉన్నవారి వెంట పడకుండా మన పనిని దగ్గరగా చూసినవారిని ఎంచుకోవాలి. ఇదంతా కౌన్సెలర్ గారు చక్కగానే చెప్పారు. కానీ ప్యాకేజీ పత్రంలో "సిఫార్సు లేఖల ముసాయిదా" అని ఒక అంశం ఉంది. అంటే ప్రొఫెసర్ పేరుతో లేఖను వారే రాసి ఇస్తారు, ఆయన అప్‌లోడ్ చేస్తారు. నేను ఆ సదుపాయం వాడలేదు. అది పూర్తిగా తప్పు. స్కూల్‌ను మోసగించడమే కాక, మనల్ని నమ్మిన గురువును కూడా అందులోకి లాగుతాం. దానికి బదులు నేను చేసిన ప్రాజెక్టుల జాబితాను, ఆయన దిద్దిన నివేదిక ప్రతిని, గడువు తేదీలను ఒక పేజీలో పెట్టి ప్రొఫెసర్ గారికి ఇచ్చాను. ఆయనకు కావలసింది అంతే. ఈ అంశాన్ని సంస్థ తన ప్యాకేజీ నుంచి తీసేయాలి.

పరీక్షల గురించి చెప్పడానికి పెద్దగా లేదు, ఎందుకంటే వారు ఇచ్చింది కూడా పెద్దగా లేదు. జీమ్యాట్ ప్రస్తుత రూపం 2023 చివర్లో వచ్చింది. క్వాంట్ (లెక్కలు), వెర్బల్ (ఇంగ్లిష్), డేటా ఇన్‌సైట్స్ (సమాచార విశ్లేషణ) అని మూడు విభాగాలు, ఒక్కోదానికి 45 నిమిషాలు, స్కోరు 205 నుంచి 805 వరకు. వారి మెటీరియల్‌లో మాత్రం పాత పరీక్షలో ఉన్న 800 స్కేలు నాటి లక్ష్యాలే ఉన్నాయి. పాత స్కోరుతో కొత్త స్కోరును అంకెకు అంకె పోల్చకూడదు, పర్సంటైల్‌తో పోల్చాలి. ఈ చిన్న విషయం తెలియక మంచి స్కోరును తక్కువనుకొని బాధపడే ప్రమాదం ఉంది. జీమ్యాట్, దానికి బదులు చాలా స్కూళ్ళు అంగీకరించే జీఆర్ఈ స్కోర్లు రెండూ ఐదేళ్ళు చెల్లుతాయి కాబట్టి చదువు అలవాటు తప్పకముందే రాసేయమన్న వారి సలహా మంచిదే. పరీక్షకు శిక్షణ కావాలంటే వేరేచోట చూసుకోండి.

స్కూళ్ళ ఎంపిక దగ్గర నాకు నమ్మకం సడలింది. నా మార్కులు, స్కోరు, లక్ష్యం అన్నీ చర్చించాక వచ్చిన షార్ట్‌లిస్ట్‌లో నేను ఎప్పుడూ ప్రస్తావించని కొన్ని విశ్వవిద్యాలయాలు "సురక్షితం" అన్న శీర్షిక కింద ఉన్నాయి. ఆ స్కూళ్ళ నుంచి మీకు కమిషన్ వస్తుందా అని సూటిగా అడిగితే, కొన్నింటితో భాగస్వామ్యం ఉందని జవాబు వచ్చింది. కమిషన్ తీసుకోవడం చాలాచోట్ల చట్టవిరుద్ధం కాదు. అలా దొరికే ఆదాయంతోనే విద్యార్థికి ఉచితంగా సేవ చేసే ఏజెంట్లూ ఉన్నారు. కానీ విద్యార్థి దగ్గర పూర్తి ఫీజు తీసుకుంటూ, ఆ విద్యార్థి చేరితే స్కూల్ నుంచి కూడా తీసుకుంటూ, ఆ సంగతి అడిగితే తప్ప చెప్పకపోవడం న్యాయం కాదు. అలాంటి స్కూళ్ళను జాబితాలో ఒక గుర్తు పెట్టి చూపించమని కోరాను. ఆ తర్వాత పంపిన జాబితాలో చూపించారు, ఆ మేరకు వారిని మెచ్చుకోవాలి.

ఆ జాబితాలో మరో కొరత, చదువు అయ్యాక అక్కడ పనిచేయడానికి ఎంత గడువు దొరుకుతుందన్న లెక్క. అనుభవం ఉన్న ఎంబీఏ విద్యార్థికంటే మనలాంటివారికే ఇది ఎక్కువ ముఖ్యం. తొలి ఉద్యోగం ఆ దేశంలో దొరకకపోతే తిరిగి వెళ్ళడానికి మనకు పాత ఉద్యోగం అంటూ ఏదీ ఉండదు. అమెరికాలో చదువు తర్వాత ఓపీటీ (విద్యార్థులకు ఇచ్చే తాత్కాలిక పని అనుమతి) కింద 12 నెలలు పనిచేయవచ్చు. కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) వర్గంలో నమోదై ఉంటే అర్హత ఉన్నవారికి మరో 24 నెలలు దొరుకుతాయి. ఒకే స్కూల్‌లో రెండు మేనేజ్‌మెంట్ కోర్సులుంటే ఒకటి స్టెమ్ కిందకు రావచ్చు, మరొకటి రాకపోవచ్చు. జర్మనీలో డిగ్రీ తర్వాత ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల వరకు ఉండనిస్తారు. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోవలసిందే, కానీ షార్ట్‌లిస్ట్‌లో దీనికి ఒక గడి అయినా ఉండాలి. స్కాలర్‌షిప్ గడువులకు కూడా గడి లేదు; చాలా స్కూళ్ళలో తొలి రౌండ్లలో దరఖాస్తు చేసినవారికే ఎక్కువ అవకాశం ఉంటుంది.

ఇంటర్వ్యూ సాధన బాగుంది. ఇప్పుడు చాలా స్కూళ్ళు ఇంటర్వ్యూకు ముందే వీడియో జవాబులు అడుగుతున్నాయి. ప్రశ్న తెరమీద కనిపిస్తుంది, ఆలోచించుకోవడానికి కొన్ని క్షణాలు ఇస్తారు, ఆ తర్వాత కెమెరా మొదలైపోతుంది, ఎదుట తల ఊపే మనిషి ఉండడు. అదే పరిస్థితిని కల్పించి, రికార్డు చేసి, నా ముందే తిరిగి చూపించారు. నేను ప్రతి జవాబునూ నేపథ్యంతో మొదలుపెట్టి, అసలు విషయం చెప్పేలోపే సమయం అయిపోగొడుతున్నానని ఆ వీడియోల్లో స్పష్టంగా కనిపించింది. మొదటి వాక్యంలోనే జవాబు, తర్వాతే కారణం అన్న పద్ధతి అలవాటు చేశారు. "ఉద్యోగం చేయకుండా ఇప్పుడే ఎందుకు?" అన్న ప్రశ్న ఏదో ఒక రూపంలో తప్పక వస్తుంది. దానికి బట్టీ జవాబు ఇవ్వకుండా, ఆ కోర్సులోని ఏ పాఠాంశం, ఏ ఇంటర్న్‌షిప్ నాకు ఇప్పుడు అవసరమో నా చేతే వెతికించారు. ఈ ఒక్క భాగాన్నే విడిగా అమ్మితే సందేహించకుండా కొనమంటాను.

ఒప్పందం మీద సంతకం చేసేముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. వారి లెక్కలో ఒకే స్కూల్‌లో రెండు కోర్సులకు దరఖాస్తు చేస్తే రెండు స్కూళ్ళ కింద వస్తుంది. ఎంఐఎమ్‌తోపాటు ఫైనాన్స్ మాస్టర్స్‌కూ దరఖాస్తు చేసేవారికి ప్యాకేజీ తొందరగా అయిపోతుంది. ఫీజు వాపసు మొదటి సమావేశం దాటాక లేదు. వెయిట్‌లిస్ట్‌లో పడితే స్కూల్‌కు రాయవలసిన లేఖకు సాయం ప్యాకేజీలో ఉందా అన్నది స్పష్టంగా లేదు, నేను రాతపూర్వకంగా అడిగి ఖాయం చేసుకున్నాను. అన్నిటికంటే ముఖ్యంగా, దరఖాస్తు ఖాతాలను తామే కొత్త ఈమెయిల్‌తో తెరుస్తామని వారు ప్రతిపాదిస్తారు. పని సులువవుతుందన్నది వారి కారణం. దీనికి ఒప్పుకోకూడదు. స్కూల్ నుంచి ఇంటర్వ్యూ పిలుపు, స్కాలర్‌షిప్ ప్రతిపాదన, డిపాజిట్ గడువు అన్నీ ఆ మెయిల్‌కే వస్తాయి. పైగా దరఖాస్తు చివర "ఇందులోని వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను" అన్న చోట సంతకం మనదే. నేను నా ఈమెయిల్‌తోనే ఖాతాలు తెరిచి, చిత్తుప్రతులను మాత్రం వారితో పంచుకున్నాను, సమర్పించే బటన్ నేనే నొక్కాను. వారు అభ్యంతరం చెప్పలేదు.

రాయడం అలవాటు ఉండి, పనిని దగ్గరగా చూసిన ప్రొఫెసర్ ఒకరు అండగా ఉన్నవారు ఈ పూర్తి ప్యాకేజీ తీసుకోనవసరం లేదు. స్కూళ్ళు ఉచితంగా నిర్వహించే వెబినార్లకు హాజరై, అక్కడి ప్రస్తుత విద్యార్థులకు మర్యాదగా ఒక సందేశం రాస్తే చాలా సమాచారం దొరుకుతుంది. కుటుంబంలో తొలిసారి విదేశీ చదువుకు వెళ్తున్నవారు, తమ కథలో చెప్పుకోదగ్గదేమీ లేదనుకుంటున్నవారు మాత్రం ఎస్సే, ఇంటర్వ్యూ భాగాలను తీసుకోవచ్చు. అడిగితే ఆ రెండింటినీ విడిగా కూడా ఇస్తామని వారు నాతో చెప్పారు, ఆ ధర వెబ్‌సైట్‌లో కనిపించదు కాబట్టి ఫోన్ చేసి కనుక్కోవాలి.